వెరిల్ ఇంటి అల్లిక

స్కార్విక్ రేవు, యార్క్‌షైర్,
మార్చి 3, 2009.

హెస్టర్‌కు,

నీ క్షేమం అడగడం, నా క్షేమం చెప్పడం రెండూ ఉత్తరం చివరికి వాయిదా వేస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని రెండు రోజులు ఆగాను. అది చల్లారలేదు సరికదా, ఇంకా రాజుకుంది.

నీ సినిమా చూశాను. రొట్టెల దుకాణం మిసెస్ పికరింగ్ డిస్కు పట్టుకొని వచ్చింది. "మీ అమ్మాయి తీసిందేనండీ మాస్టారూ! అంతా మీ ఇంట్లోనే! మీ సోఫా మీద ఎన్ని శవాలో!" అని మురిసిపోతూ తనే దాన్ని యంత్రంలో పెట్టి, నా పక్కన కూర్చొని నా బిస్కట్లన్నీ తింది. అట్ట మీద పిస్తోళ్లు పట్టిన ఇద్దరు బోడిగుండు మనుషులున్నారు. తొంభై నిమిషాలూ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాను. ఆ ఇద్దరూ రాలేదు, పిస్తోలూ రాలేదు. 'నీటి అంచు' అని నువ్వు చెప్పిన పేరూ లేదు. 'చావుదెబ్బ' అట! నలభై ఏళ్లు పిల్లలకు గ్రీకు, లాటిన్ పద్యాలు చెప్పినవాడి తమ్ముడి కూతురు ప్రపంచానికి ప్రసాదించిన గ్రంథనామం ఇది.

నా మోకాలికి శస్త్రచికిత్స జరిగిన పదిహేను రోజులు నీకు ఇంటి తాళాలిచ్చాను. తిరిగివచ్చేసరికి తివాచీకి ఎర్రరంగు పాకం అంటుకొని ఉంది. పోనీ అనుకున్నాను. నా పుస్తకాల అలమర ముందు ఒక మనిషిని సుత్తితో కొట్టి చంపారు. అదీ పోనీ అనుకుంటాను. ప్రాచీన కవులూ నెత్తురు ఎరగనివారు కారు. కాని వారు హత్యను రంగం వెనక జరిపించి ఒక దూత చేత చెప్పించేవారు. చూసేవాడి మనసు మీద వారికి ఆపాటి మర్యాద ఉండేది.

అసలు నేరానికి వస్తాను. నీ కథలో దుర్మార్గుడు క్రేక్. తన కింద పనిచేసే జాలరిని సముద్రంలో వదిలేసి తాను బతికి బయటపడిన పడవ యజమాని. చివరికి ఆ జాలరి భార్య వాణ్ణి పడవలు కట్టే ధక్కా చివర చేపలు కోసే కత్తితో పొడుస్తుంది. వాడి ఒంటి మీద ఏ స్వెట్టరు వేశావు? అల్లికలో రెండు నిచ్చెనలు, వాటి మధ్య జంట తాళ్లు, రొమ్ము మీద మూడు వరుసల వడగళ్లు. అది జేబెజ్ వెరిల్ ఇంటి అల్లిక. నువ్వు పదకొండేళ్లకే ఊరు విడిచినదానివి గనుక చెబుతున్నాను, విను. మన రేవులో స్వెట్టరు అంటే బట్ట కాదు, ఇంటిపేరు. చెక్కుచెదరని ముఖాన్నైనా మరచిపోతారు గాని అల్లికను మరవరు. ముఖం చేపలు తినేశాక కూడా మనిషిని ఇంటికి తెచ్చేది అదే.

ఊరంతా గుర్తుపట్టింది. ఆదివారం పొద్దున వెరిల్ గుమ్మం మీద ఎవరో బకెట్టెడు చేప పేగులు కుమ్మరించారు. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలివాడు వంగి కడుక్కున్నాడు. పబ్బులో గడ్డాలు నెరిసినవాళ్లు "ఏం క్రేకూ, పొడిచినా చావలేదా?" అని పలకరిస్తున్నారు. ఆ అల్లిక నీకు ఎవరు చెప్పారు? ఏ విషపు నోరు? పగ తీర్చే పని మనుషులది కాదని చాపెల్ ప్రార్థనల్లో వేదిక మీద నలభై ఏళ్లు బోధించినవాణ్ణి నేను. నా ఇంట్లోనే, నా దీపాల వెలుగులోనే, బతికున్న మనిషిని పొడిచి చంపావు.

ఏప్రిల్ 18న రేవు సంఘం హాల్లో ఊరందరికీ ఆ సినిమా వేస్తారట. ఆపించు.

మోకాలు మెట్లెక్కనిస్తోంది. పిల్లి టైటస్‌కు దగ్గు.

ఆగ్రహంతో,
నీ పెదనాన్న ఆంబ్రోస్ లెంగ్


డెట్‌ఫర్డ్, లండన్,
మార్చి 9, 2009.

పెదనాన్నకు,

ఫోను డాక్టరుకు తప్ప ఎవరికీ ఎత్తనని శపథం చేశావు కనుక ఇదంతా చేతితో రాస్తున్నాను. నాకూ కోపం వచ్చింది. నీ కోపానికి వ్యాకరణం ఉంది, నా దానికి లేదు. అంతే తేడా.

ముందు అట్ట సంగతి. ఆ ఇద్దరు బోడిగుండ్లు ఎవరో నాకూ తెలియదు. డిస్కులు అమ్మే కంపెనీవాళ్లు సినిమా చూడకుండానే అట్ట వేశారు. "చూడమ్మా, సూపర్‌మార్కెట్‌లో సబ్బుల పక్కన పెడతాం. మగవాళ్లు బీరు కొంటూ చెయ్యి చాపితే అందాలి. పిస్తోలు లేకపోతే చెయ్యి చాపరు" అన్నారు. "నా సినిమాలో పిస్తోలు లేదండీ" అన్నాను. "అట్ట మీద ఉందిగా, చాలు" అన్నారు. పేరు మార్చింది వాళ్లే. నేను ఏడ్చి ఊరుకున్నాను.

పదకొండుమందిమి, పదిహేను రోజులు. అందులో నలుగురికి జలుబు. పోలీసుగా వేసింది మీ ఊరి చేపల వేపుడు కొట్టు ఆయనే. ఉన్నది ఒక్క కారు. మొదటి వారం హీరోయిన్‌ది, రెండో వారం రంగు పూసి విలన్‌ది. అలా తీశాం. పేరుమోసిన పండితుడి తమ్ముడి కూతురినే కావచ్చు. కాని ఆ పదిహేను రోజులు నాకు ఒక్క మంచి దుప్పటి ఉంటే చాలనిపించింది.

స్వెట్టరు ఎవరూ చెప్పలేదు. నిచ్చెనలో తాళ్లో నాకేం తెలుసు? మా అమ్మ లీడ్స్ పిల్ల, సూది పట్టినది కాదు. క్రేక్ వేసిన నటుడు పల్చటి కోటుతో ధక్కా మీద నిలబడి వణికి నీలంగా అయిపోయాడు. బట్టలు చూసుకునే నెల్ జాలిపడి, పైనుంచి ఏదో తెచ్చి తొడిగింది. నేను చూసుకోకుండా ఒక షాట్ తీసేశాను. ఇక అంతే. ఒక షాట్‌లో ఒంటి మీద ఉన్నది చచ్చేదాకా ఉండాలి, లేకపోతే ముక్కలు అతకవు. మళ్లీ తీయడానికి రోజూ లేదు, వెలుతురూ లేదు.

ఎక్కడ దొరికిందో చెప్పనా? నీ ఇంట్లోనే. పై గదిలో, మందపాటి నిఘంటువుల కింద, కర్పూరం వాసన వేసే పెట్టెలో, గోధుమరంగు కాగితంలో చుట్టి ఉంది. "పుస్తకాలు తప్ప ఏమైనా వాడుకోండి" అన్నది నువ్వే. అది నాన్నదే అనుకొని ఆ సాయంత్రం దానిలో ముఖం పెట్టి ఏడ్చాను. నాన్న స్వెట్టరు విలన్‌కి పోయిందే అని బాధపడ్డాను, కాని అప్పటికే సగం సినిమా అయిపోయింది.

ఇంతకీ నువ్వు వెరిల్‌ను ఎందుకింత వెనకేసుకొస్తున్నావు? అమ్మ నాకు అంతా చెప్పింది. వెరిల్ పడవ బోల్తాపడి నాన్న మునిగిపోయిన రోజు వెరిల్‌ను ఒట్టి చొక్కాతో నీళ్లలోంచి తీశారు. ఈదడానికి ఎవరు స్వెట్టరు విప్పుతారు? పక్కవాణ్ణి వదిలి పోదామని ముందే అనుకున్నవాడే. పైగా విచారణలో ప్రమాణం చేసి, "నా స్వెట్టరు ఆ కుర్రాడికి తొడిగాను" అని అబద్ధమాడాడు. నా సినిమా ఆయన గురించి తీయలేదు. కాని ఆయనకు గుచ్చుకుంటే గుచ్చుకోనీ.

హాల్లో ఆట ఆపను. టైటస్‌కి చేప నూనె పట్టు.

హెస్టర్


స్కార్విక్ రేవు,
మార్చి 14, 2009.

హెస్టర్‌కు,

నీ ఉత్తరం చేరింది. జాలిపడి ఒకరికి తొడిగిన బట్ట ఇంత అపకారం చేయగలదని ఏ కావ్యంలోనూ చదవలేదు.

పెట్టెలో దొరికినది మీ నాన్నది కాదు. అంతకంటే అడగవద్దు. తడవకుండా కట్టి, రిజిస్టరు పోస్టులో నాకు పంపు.

మొన్న ఆదివారం వెరిల్ చాపెల్‌కు వచ్చాడు. ఎప్పుడూ వెనక వరుసలో తలుపు దగ్గరే కూర్చుంటాడు. అతడు కూర్చోగానే ఆ వరుసలో ఉన్న ఐదుగురూ లేచి ముందుకు వచ్చేశారు. మిసెస్ పికరింగ్ అందరికీ వినబడేలా "కంపు బాబూ, చేప పేగుల కంపు" అంది. వేదిక మీద నేనున్నాను. క్షమ గురించిన ప్రసంగం చేతిలో సిద్ధంగా ఉంది. "ఇది దేవుని ఇల్లు! మీ నాలుకలు గుమ్మం బయట విడిచి రండి!" అని గద్దించాను. ఎవరూ తలెత్తలేదు. వెరిల్ ఒక్కడే తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు గురించి రాయలేను. కీర్తన మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు.

ఆట ఆపించమని మరొకసారి అడుగుతున్నాను. ఆజ్ఞాపించడం లేదు.

ఆంబ్రోస్


డెట్‌ఫర్డ్,
మార్చి 21, 2009.

పెదనాన్నా,

"అడగవద్దు" అంటే నేను అడక్కుండా ఉంటానని నీకెలా అనిపించింది? నేరాల సినిమాలు తీసే మనిషిని!

నెల్ ఇంటికి వెళ్లి స్వెట్టరు తిరగేసి చూశాను. నడుము అంచున రెండు అక్షరాలు అల్లి ఉన్నాయి, జె.వి. అంటే జేబెజ్ వెరిల్. లోపల మెడ దగ్గర పిన్నీసుతో గుచ్చిన అట్టముక్క ఒకటి ఉంది. సిరా వెలిసిపోయింది గాని చదవొచ్చు. 'ఎడ్మండ్ లెంగ్, నవంబర్ 19, 1986.' నాన్న శవం దొరికిన రోజు. శవాగారంలో గుచ్చిన చీటీ అది.

నాన్న శవం మీద వెరిల్ స్వెట్టరు ఎందుకుంది?

మూడు రోజులుగా నిద్ర లేదు. చివరికి నాకు తోచింది రాస్తున్నాను. నా పనే అది కదా, ముక్కలు అతకడం. వెరిల్‌కి పడవ మీద బీమా ఉంది, అమ్మ చెప్పేది. పడవను తానే ముంచాడు. నాన్నకు బలవంతంగా తన స్వెట్టరు తొడిగాడు. ముఖం పోయాక దొరికిన శవాన్ని మీరంతా అల్లిక చూసి "అయ్యో, వెరిల్" అనుకోవాలి. తాను ఎక్కడికో పారిపోయి ఉండాలి. కాని ఎవరో దారిన పోయే ఓడవాళ్లు ఆయన్ను బతికుండగా పైకి లాగేశారు. పథకం పాడైంది. అందుకే విచారణలో "నేనే తొడిగాను" అని ముందుగా చెప్పేసుకున్నాడు.

నీకు ఇదంతా తెలుసు. శవాన్ని గుర్తుపట్టడానికి వెళ్లింది నువ్వు ఒక్కడివే. స్వెట్టరు తెచ్చి దాచావు. ఆయన నిన్ను బెదిరించాడా? నోరు కట్టేశాడా? అందుకేనా ఇప్పుడు కూడా ఆయన్ను కాపాడుకొస్తున్నావు? మా నాన్న చనిపోయిన వయసే ఇప్పుడు నాది, ముప్పై మూడు. నీ సొంత తమ్ముడు, పెదనాన్నా! నువ్వే పెంచావని గొప్పగా చెబుతావు!

ఏప్రిల్ 18న వస్తున్నాను. ఆట అయిపోయాక లేచి అసలు పేరుతో చెబుతాను, క్రేక్ అంటే ఎవరో. స్వెట్టరు చూపిస్తాను. హల్ పట్నంలోని ఒక పత్రికాయన కూడా వస్తానన్నాడు.

ఈసారి సంతకం పెట్టే ముందు ఏం రాయాలో తెలియడం లేదు.

హెస్టర్


స్కార్విక్ రేవు,
మార్చి 25, 2009.

అమ్మా హెస్టర్,

పత్రికాయనను రావద్దని చెప్పు. నీ కథ బాగా అతికింది. ఒక్కటే దోషం. అందులో దుర్మార్గుడి స్థానంలో నువ్వు పెట్టినవాడు ఆ మనిషి కాడు.

జరిగింది ఇది. పడవ యంత్రం ఆగిపోయింది. ఈశాన్యపు గాలి. మీ నాన్న కొట్లో కొన్న పల్చటి కోటుతో వచ్చాడు, స్వెట్టరు తెచ్చుకోలేదు. అల ఒకటి అతణ్ణి తలదాకా తడిపింది. మాట తడబడేలా వణుకుతున్న అతణ్ణి చూసి, వెరిల్ తన ఒంటి మీది పొడి స్వెట్టరు విప్పి, తిట్టి, కూర్చోబెట్టి, తల దూర్చి తొడిగాడు. తరువాతి పెద్ద అలకు పడవ బోర్లాపడింది. ఒకడు దొరికాడు, ఒకడు దొరకలేదు. విచారణలో వెరిల్ చెప్పింది అక్షరాలా ఇదే. నిజం చెప్పాడు.

ఎనిమిదో రోజున హంబర్ నది అవతల, లింకన్‌షైర్ తీరాన మీ నాన్న ఒడ్డుకు చేరాడు. అక్కడివాళ్లకు మన అల్లికలు తెలియవు. నేను ఒక్కణ్ణే వెళ్లాను. తెల్లబట్ట తొలగించారు. ముఖం కంటే ముందు నేను చూసినది ఆ నిచ్చెనలు, ఆ వడగళ్లు. అంచున జె.వి. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అర్థమైనందుకు నాకు పట్టరాని కోపం వచ్చింది. నేను ద్వేషించడానికి ఒక మనిషిని ఎనిమిది రోజులుగా సిద్ధం చేసి ఉంచుకున్నాను. ఆ ఊలు బట్ట అతణ్ణి నా చేతిలోంచి లాక్కుంటోంది.

దాన్ని కాగితంలో చుట్టించి తెచ్చుకున్నాను. విచారణ రోజున వెరిల్ లేచి, "అయ్యా, ఆ అబ్బాయి ఒంటి మీది స్వెట్టరు తెప్పించండి, చూస్తే మీకే తెలుస్తుంది" అని వేడుకున్నాడు. బట్టలు కుటుంబానికి ఇచ్చేశామన్నారు. అధికారి నావైపు తిరిగాడు. "లెంగ్ గారూ, మీరు చదువుకున్నవారు. ఆ స్వెట్టరులో గుర్తుపట్టదగిన విశేషం ఏమైనా ఉందా?"

పద్యపాదంలో ఒక్క మాత్ర జారినా నిద్రపట్టనివాణ్ణి నేను. "గమనించలేదండీ" అన్నాను.

అంతే. అతణ్ణి పొడవలేదు. సుత్తితో కొట్టలేదు. ఒకే ఒక్క మాట అని, పెట్టె మూశాను. తరువాత ఇరవై రెండేళ్లు ఆ పెట్టె మీద పుస్తకాలు పేరుస్తూ వచ్చాను. నీ సినిమాలో పగ తొంభై నిమిషాలలో ముగిసింది. నా పగ ప్రతి ఆదివారం వేదికెక్కి క్షమను బోధించింది. అతడు వెనక వరుసలో కూర్చొని విన్నాడు.

మరొకటి కూడా చెప్పాలి. "ఆ అల్లిక ఎవరు చెప్పారు?" అని మొదటి ఉత్తరంలో గర్జించాను. దాన్ని రాయకముందే, మిసెస్ పికరింగ్ వెళ్లగానే, పైకెక్కి పెట్టె తెరిచి చూశాను. ఖాళీగా ఉంది. నువ్వు అడగకముందే నేను అరవాలనుకున్నాను. నీకు ఇల్లిచ్చేటప్పుడు ఆ పెట్టె సంగతి నిజంగానే గుర్తులేదు. మరచిపోవడం నేను శ్రద్ధగా అభ్యసించిన విద్య.

క్షమించమని అడగను. ఆ పదాన్ని చాలా అరగదీశాను.

ఆంబ్రోస్


డెట్‌ఫర్డ్,
మార్చి 30, 2009.

ఆంబ్రోస్ లెంగ్ గారికి,

మిమ్మల్ని ఇవాళ పెదనాన్న అనలేను. రేపు ఏమంటానో తెలియదు.

నా సినిమాను తిట్టారు. అట్టను తిట్టారు, తివాచీని తిట్టారు, పేరును తిట్టారు. ముసలివాడు వంగి గుమ్మం కడుక్కున్నాడని నామీద నిప్పులు కురిపించారు. ఆ గుమ్మం ముందు నుంచి మీరు ఇరవై రెండేళ్లు రోజూ నడిచారు! పేగులు కుమ్మరించినవాడికి మీ అంత చదువు లేదు, అదొక్కటే వాడి తప్పు.

మా అమ్మ చివరి రోజుల్లో ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకొని, "ఆ వెరిల్ కంటే ఒక్క రోజు ఎక్కువ బతకాలనుకున్నానే" అంది. అది నెరవేరలేదని ఏడ్చి పోయింది. ఆ ద్వేషం ఎవరిదండీ? మా అమ్మదా? మీరు వండి పెట్టింది, ఆవిడ తిన్నది. నాకూ తినిపించింది. దాంతో నేను సినిమా తీశాను. ఆయన గురించి తీయలేదని మీకు రాశాను కదా, అది అబద్ధం. తీశాను. ప్రతి షాట్ ఆయన కోసమే తీశాను. ఆ కత్తి దృశ్యానికి పదకొండు టేకులు తీసుకున్నాను. పాపం ఆ నటుడు "ఇంకెన్నిసార్లు చావాలమ్మా?" అని బతిమాలాడు.

స్వెట్టరు మీకు పంపను. చీటీతో సహా, మీ ఉత్తరం నకలు పెట్టి, ఈ పొద్దునే ఆయన చిరునామాకు పంపేశాను.

ఆట ఆపను. 18న హాల్లో దీపాలు ఆర్పక ముందు మీరు లేచి, ఊరందరి ఎదుట చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను మీ ఉత్తరం చదువుతాను. మీ దస్తూరి స్పష్టంగానే ఉంటుంది.

హెస్టర్ లెంగ్


స్కార్విక్ రేవు,
ఏప్రిల్ 7, 2009.

హెస్టర్‌కు,

18 దాకా ఆగలేదు. ఆగితే నీ బెదిరింపుకు లొంగినట్టవుతుందని అనిపించింది. ఈ స్థితిలో కూడా నాకు అభిమానం అడ్డొచ్చిందంటే నన్ను నువ్వు ఎంత తిట్టినా తక్కువే.

మొన్న మట్టల ఆదివారం నాడు చాపెల్ నిండింది. ప్రసంగం తీసుకెళ్లలేదు. నీకు రాసిందే చెప్పాను. అంతకంటే తక్కువ మాటల్లో చెప్పాను. "గమనించలేదన్నాను. గమనించాను" అని ముగించాను. తరువాత మిసెస్ పికరింగ్ లేచింది. "మాస్టారూ, మీరా? మీ మాట విని మేమంతా... ఛీ! ఆ పేగులు వేసింది మా ఆయనే! ఇప్పుడు మేమెక్కడ తల పెట్టుకోవాలి?" అని అరిచింది. న్యాయమైన కోపమే. వెనక నుంచి ఎవరో "చచ్చేదాకా ఆగలేకపోయావా ముసలోడా, మాకీ గొడవ తప్పేది" అన్నారు. బోధకుల జాబితాలోంచి నా పేరు నేనే కొట్టేసి బయటికి వచ్చాను.

అక్కడి నుంచి సరాసరి వెరిల్ ఇంటికి నడిచాను. నాకంటే ముందే వార్త చేరింది. మాంసపు రొట్టె పళ్లెంలో పెట్టుకొని ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో ఉన్నారు. "ఇరవై రెండేళ్లు మీ పొయ్యిలు వెలగలేదా? పట్టుకుపోండి!" అని అతడు వాళ్లను తరిమేస్తున్నాడు. నన్ను చూసి తలుపు మూయలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. వెనక బల్ల మీద నీ పార్సెలు విప్పి ఉంది.

"చాపెల్‌లో చెప్పావటగా?" అన్నాడు.

"చెప్పాను."

"నమ్మారా?"

"నమ్మారు."

"చూశావా, అదే నాకు ఒళ్లు మండేది! నేను దేవుడి మీద ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. నువ్వొచ్చి 'అబద్ధమాడింది నేనే' అనగానే నమ్మేశారు. అబద్ధమాడినా నీకే మర్యాద, నిజం చెప్పినా నీకే మర్యాద. ఏం చదువయ్యా అది? నాకూ కాస్త నేర్పించకపోయావా?"

నేనేదో అనబోయాను.

"నోర్ముయ్. ఇరవై రెండేళ్లు మాట్లాడావు." గుమ్మానికి చెయ్యి ఆనించుకొని ఊపిరి తీసుకున్నాడు. "నీకొకటి చెప్పనా మాస్టారూ? పదేళ్లయ్యాక నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా తొడిగానా, లేక ఈత కొట్టడానికి విప్పి పారేసి, తొడిగానని కల కన్నానా అని. ఇంతమంది చెబుతున్నారు కదా, నాదే తప్పేమో అనుకున్నా. శనివారం ఆ పార్సెల్ వచ్చేదాకా నాకు తెలియదు, నేను మంచోణ్ణో చెడ్డోణ్ణో."

హెస్టర్, నా పాపం అతడి పేరు చెడగొట్టడమే అనుకున్నాను. అతడి జ్ఞాపకాన్ని కూడా దొంగిలించానని అప్పుడు తెలిసింది.

నీ ఆట గురించి అడిగాడు. ఆపేయమంటావా అన్నాను. "ఎందుకు ఆపడం? ఆ పిల్ల వాళ్ల నాన్న కోసం ఏడ్చింది, ఏడవనీ. ముందు వరుసలో వీపు ఆనే కుర్చీ వేయించమను. నన్నెలా చంపారో నేనూ చూడాలిగా" అన్నాడు. నవ్వాడో లేదో చెప్పలేను.

అప్పుడు "నేనేం చేయను, జేబెజ్?" అని అడిగాను. మనుషులకు ఏం చేయాలో చెప్పడమే నా వృత్తి. అడగడం అదే మొదలు.

కోటు తొడుక్కున్నాడు. నన్ను కొండ మీది శ్మశానానికి నడిపించాడు. నా మోకాలి కోసం అతడు ఎక్కడా ఆగలేదు, నేనూ ఆగమనలేదు. అతడి భార్య డోర్కస్ సమాధి ఉత్తరపు గోడ పక్కన ఉంది. ఆ స్వెట్టరు అల్లింది ఆవిడే. పోయి తొమ్మిదేళ్లు. "చివరి రోజు కూడా అడిగింది. 'నిజం చెప్పు జేబెజ్, నా స్వెట్టరు ఎక్కడ పారేశావు? నేనేం అనను' అని" అన్నాడు. తరువాత పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.

"నాకు చెప్పకు. ఆమెకు చెప్పు."

టోపీ తీశాను. "డోర్కస్, నీ భర్త ఆ స్వెట్టరును నా తమ్ముడికి తొడిగాడు. అది నా దగ్గరే ఉంది. నేను దాచాను" అన్నాను. నలభై ఏళ్లు కప్పు ఎగిరిపోయేలా పలికిన గొంతు ఆ గాలిలో నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పు. ఆమెకు చెవుడు" అన్నాడు వెరిల్.

మళ్లీ చెప్పాను. గోడకు అవతల దారిలో పోతున్నవాళ్లు ఆగి చూశారు. అతడు వాళ్లను చూశాడు, నన్ను చూశాడు.

"ఇంకా గట్టిగా" అన్నాడు.

ఆంబ్రోస్